బోర్డు మాత్రమే మార్చారు

సోమవారం పొద్దున ఎనుంగ్ చెప్పులు గుమ్మం బయట విడిచి గదిలోకి వచ్చింది. కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, మీట నొక్కింది. లోపల ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ సగం చుట్టే. మూడోసారి ఆ కాస్త కదలికా లేదు.

"అయ్యో నా తల్లీ, నీకు ఇప్పుడే టైము దొరికిందా?" అంది పెట్టె మీద చెయ్యి వేసి.

దొరికింది మరి. రంజాన్ ఉపవాసాలకు ఇంకా పది రోజులు. ఆ రోజుల్లో కవాలు పేటలో ఎవరికీ తల గోక్కునే తీరిక ఉండదు. ప్రతి ఇంటి ముందుగదిలోనూ మిషన్ల రొద, ప్రతి వసారాలోనూ మోకాలెత్తు తెల్లగుడ్డ. ఆడవాళ్ళు నమాజుకు తొడుక్కునే ముకెనాలు పండక్కి కొత్తవి కావాలి, వాటి అంచులకు పువ్వులు కావాలి, ఆ పువ్వులు కవాలులోనే కుట్టాలి. హాజీ రోస్తీ అమ్మ కార్ఖానాలో ఇరవై తలల ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది. ఏ పువ్వయినా ఎనుంగ్ కంప్యూటర్‌లో గీసి ఇస్తేనే ఆ మిషన్‌కు అందేది.

ఆ మిషన్ నడిపే ఈచి పక్కగది నుంచి తొంగి చూసింది. ఈచికి యాభై దాటాయి. నోట్లో మాట దాగదు.

"ఏమే, చచ్చిందా?"

"అలా అనకు ఈచి అక్కా. మూర్ఛపోయింది."

"మూర్ఛో మరణమో, మధ్యాహ్నం దాకా నా దగ్గర పని ఉంది. తర్వాత నా ఇరవై సూదులూ ఆకాశం చూస్తూ కూర్చుంటాయి."

హాజీ అమ్మ కొడుకు ఫద్లాన్ పెట్టెను మోటారుసైకిల్ వెనక కట్టుకుని తాసిక్ బజారులో రెండు దుకాణాలు తిరిగి వచ్చాడు. ఇద్దరూ ఒకటే మాట చెప్పారట: బోర్డు పోయింది, కొత్త బోర్డు వేసి, డిస్కు అంతా తుడిచి, సిస్టం మళ్ళీ ఎక్కించాలి. చెప్పరూ! ఆ బజారులో తెలిసిన వైద్యం అదొక్కటే. వైరస్ వచ్చినా తుడవడమే, పాట వినపడకపోయినా తుడవడమే, నెమ్మదిగా నడుస్తోందన్నా తుడవడమే. తుడిస్తే గంటలో పని అయిపోతుంది. లోపల ఏముందని అడిగే ఓపిక ఎవడికుంది?

లోపల పదకొండు వందల నలభై డిజైన్లు ఉన్నాయి. పద్నాలుగేళ్ళ పని. వాటిని తెరిచే ప్రోగ్రాంను అప్పట్లో బాండుంగ్ నుంచి ఒకాయన వచ్చి ఎక్కించి వెళ్ళాడు. ఆయన దుకాణం ఎత్తేసి ఎటో పోయాడు, డిస్కూ ఆయనతోనే పోయింది. దాని తాళం సగం ప్రింటర్ తీగ పెట్టే చోట గుచ్చిన బొటనవేలంత ముక్కలో ఉంది, మిగతా సగం సిస్టం లోపల ఎక్కడో నమోదై ఉంది. సిస్టం తుడిస్తే ప్రోగ్రాం పోతుంది. ప్రోగ్రాం పోతే డిజైన్లు ఉన్నా లేనట్టే.

"ఎంగ్‌కుస్ బాబాయ్‌ని పిలిపించండమ్మా," అంది ఎనుంగ్ హాజీ అమ్మతో. "ఆయన తుడిచే మనిషి కాదు. బాగుచేసే మనిషి."

*

ఎంగ్‌కుస్ వానలో తడుస్తూ వచ్చాడు. రేడియోల కాలం నుంచీ ఈ పనిలో ఉన్నవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పెట్టె పక్కరేకు విప్పి, టార్చి వేసి చూశాడు. బోర్డు మీద వరసగా నిలబడ్డ కెపాసిటర్లలో నాలుగింటి నెత్తులు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని కింద గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. దాన్ని గోటితో గీకి వాసన చూశాడు.

"పద్నాలుగేళ్ళు ఈ ఉక్కలో నడిచిందంటే గొప్పే. ఇవి మార్చినా లాభం లేదమ్మాయ్, కింద బోర్డే మాడింది. ఇంకో బోర్డు వెయ్యాల్సిందే."

"వెయ్యి బాబాయ్. తుడవకుండా వెయ్యి."

"అదే వచ్చింది చిక్కు." బల్లమీద చేత్తో గీస్తూ చెప్పాడు. "సిస్టం కళ్ళు తెరవగానే ముందు డిస్కు చదవడానికి దారి వెతుక్కుంటుంది. దానికి తెలిసింది పాత బోర్డు దారి ఒక్కటే. కొత్త బోర్డులో ఆ దారి ఉండదు. గాభరాపడి నీలం తెర వేసి కూర్చుంటుంది. అచ్చం ఇలాంటి బోర్డే దొరికితే గొడవ లేదు. ఇది ఇప్పుడు ఎక్కడా దొరకదు. వేరే బోర్డు పెట్టి, ఆ దారి నేనే లోపల రాయాలి. మూడు రోజులు పడుతుంది. అవుతుందని మాట ఇవ్వలేను."

హాజీ అమ్మ జపమాల వేళ్ళమధ్య తిప్పుతూ ఎనుంగ్ వంక చూసింది. "పని చేసేదానివి నువ్వు. నువ్వే చెప్పు."

ఫద్లాన్ గుమ్మానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. "తుడిచేస్తే రేపటికల్లా తేలిపోతుంది కదమ్మా. కొత్త ప్రోగ్రాం కొంటాను. ఎనుంగ్ అక్క పాత ముకెనాలు ముందు పెట్టుకుని మళ్ళీ గీస్తుంది. ఏడాది పడుతుందా? పట్టనీ."

ఎనుంగ్ నీళ్ళు తాగివస్తానని లేచింది. వంటింటి దగ్గర ఈచి ఆమె మోచెయ్యి పట్టి గోడవారకు లాగింది.

"విన్నావా? ఏడాది అన్నాడు. దేవుడే నీ నోట్లో అన్నం పెడుతున్నాడు, నోరు మూసుకుని తిను."

"ఏంటక్కా నువ్వనేది?"

"ఫద్లాన్ నీ పనికి ఒక పిల్లని చూసిపెట్టాడు. రెస్తి అని, పాలిటెక్నిక్‌లో చదివింది. డిజైన్లూ చూస్తుంది, ఫోన్‌లో అమ్మకాలూ చూస్తుంది. పండగ ముందే తెచ్చి కూర్చోబెడతానని తల్లితో అంటుంటే నా చెవులారా విన్నాను. ఆ డిజైన్లు అలాగే ఉంటే నువ్వెందుకు వాళ్ళకి? పోయాయనుకో, మన సరుకు కొనే జకార్తా వాళ్ళు అడిగేది ఆ పాత పువ్వులే. వాటిని మళ్ళీ గీయగలిగేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. నీ కాళ్ళు పట్టుకుంటారు."

ఎనుంగ్ గ్లాసు కడిగి బోర్లించింది. పని పోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఆరేళ్ళ ఆడదాన్ని, కొత్త ప్రోగ్రాంలు రానిదాన్ని, ఈ పేటలో ఇంకో కార్ఖానావాళ్ళు పిలిచి కుర్చీ వెయ్యరు. మొగుడు ఓమన్ నడిపే షేర్ వ్యానులో ఈమధ్య ఎక్కేవాళ్ళే లేరు.

గదిలోకి తిరిగి వెళ్ళి, "మూడు రోజులు ఆగుదామమ్మా," అంది.

ఎందుకలా అందో ఆమెనే అడిగితే చెప్పలేకపోయేది. ఈచి మాత్రం నెత్తి కొట్టుకుని పోయింది.

*

ఎంగ్‌కుస్ బోర్డు కోసం బాండుంగ్ వెళ్ళాడు. ఆ రెండు రోజులూ ఎనుంగ్ ట్రేసింగు కాగితం పరుచుకుని చేత్తో పువ్వులు గీసింది. వాటిని పాదంతో నడిపే పాత మిషన్ల మీద ఆరుగురు ఆడవాళ్ళు కుట్టారు. హాజీ అమ్మ రెండుసార్లు స్వయంగా టీ తెచ్చి బల్లమీద పెట్టింది. పక్కనే మోడా వేసుకుని కూర్చుని, ఎనుంగ్ పెన్సిలు కొన ఆకు చుట్టూ తిరుగుతుంటే రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఈ చెయ్యి నాకు అల్లా ఇచ్చిన కానుకే," అంది.

పద్నాలుగేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. ఎనుంగ్‌కు సంతోషమేసింది. ఎంత పిచ్చిదాన్నని తనమీద తనకే కోపమూ వచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఎంగ్‌కుస్ బోర్డు తెచ్చాడు. ఎవరో వాడి వదిలేసినదే, కానీ శుభ్రంగా ఉంది. తాళం ముక్క గుచ్చడానికి ప్రింటర్ చోటు ఉన్న బోర్డు దొరికేదాకా పదిహేడు దుకాణాలు తిరిగాడట. ముందు డిస్కు విప్పి, తన లాప్‌టాప్‌కు తగిలించి, అక్షరం పొల్లుపోకుండా ఇంకో డిస్కుకు నకలు తీశాడు. "ఏదైనా జరిగితే నకలు చావాలి గానీ అసలు చావకూడదు," అని అసలు డిస్కును గుడ్డలో చుట్టి ఎనుంగ్ చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత పాత బోర్డు విప్పాడు. తొమ్మిది స్క్రూలు. ఒక్కొక్కటీ తీసి వరసగా సాసరులో పెట్టాడు. ఏ తీగ ఎక్కడిదో మర్చిపోకుండా ఎనుంగ్ ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెట్టి, ఫ్యాను అదిమి బిగించాడు. నకలు డిస్కు తగిలించి మీట నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. పూర్తిగా తిరిగింది. తెరమీద సిస్టం గుర్తు వచ్చింది, కింద పచ్చగీత రెండుసార్లు పరుగెత్తింది. ఒక్క క్షణం తెర నీలంగా మెరిసి, మొత్తం ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. గుర్తు, గీత, నీలం, చీకటి.

ఎంగ్‌కుస్ కళ్ళజోడు కిందికి లాక్కుని ముక్కు తెరకు ఆనేలా వంగాడు. "ఆ నీలం తెరమీద ఒక నంబరు వేస్తుంది. ఏ రోగమో అది చెబుతుంది. ఏం వేసింది? ఛ, నా కళ్ళు అందుకోవడం లేదు. పొర కమ్మింది, ఆపరేషన్ చేయించుకోమన్నారు." నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ అందలేదు. "డిస్కు దారి గొడవో, మెమరీ గొడవో, బోర్డే పాడో... పది ఉంటాయి. ఏదని పట్టుకోను?"

గుమ్మంలో ఫద్లాన్ గడియారం చూసుకున్నాడు. "ఇక చాలు బాబాయ్. రేపు శుక్రవారం. ఎల్లుండి సరుకు వెళ్ళాలి. తుడిచెయ్యండి. అక్క మళ్ళీ గీస్తుందిలెండి."

ఎంగ్‌కుస్ నిట్టూర్చి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

ఎనుంగ్ ఆ నంబరు చూసింది. ఇరవై సూదుల్లో ఏ దారం తెగిందో మిషన్ ఆగకముందే పట్టుకునే కళ్ళు ఆమెవి. సున్నాలు వరసగా, చివర ఏడూ, బీ అక్షరం. మొదటిసారి చూసింది, రెండోసారి రూఢి చేసుకుంది. ఇప్పుడు నోరు మెదపకపోతే చాలు. ఎవరూ ఆమెను తప్పు పట్టరు. తుడిచేది ఎంగ్‌కుస్, తుడవమన్నది ఫద్లాన్. ఏడాది పని, ఏడాది అన్నం. పక్కగదిలోంచి ఈచి చూపు వీపుమీద గుచ్చుకుంటోంది.

ఒళ్ళో డిస్కు బరువుగా ఉంది. అందులో ఆమె కూతురు పుట్టిన వారం గీసిన మల్లెతీగ ఉంది. ఎన్నిసార్లు విప్పి గీసినా మెడ దగ్గర ముడత తిరిగిన గుండ్రటి అంచు, పదహారోసారికి కుదిరింది, అదీ ఉంది. మళ్ళీ గీస్తే వస్తాయి, నిజమే. కానీ అవే రావు.

"ఏడు, బీ," అంది. "చివర్లో. ముందంతా సున్నాలు."

ఎంగ్‌కుస్ గిరుక్కున తిరిగాడు. "ఖాయమేనా?"

"ఖాయమే బాబాయ్."

"హమ్మయ్యా! డిస్కు దారే. నేననుకున్నదే! బతికించావమ్మాయ్!"

పక్కగదిలో ఈచి చేతిలోని దారపుకండె నేలమీద గట్టిగా పడేసిన చప్పుడైంది.

ఎంగ్‌కుస్ నకలు డిస్కును మళ్ళీ లాప్‌టాప్‌కు తగిలించాడు. నిద్రలో ఉన్న సిస్టంను లేపకుండానే, ఏ భాగాన్ని ఎలా పలకరించాలో అది రాసుకునే జాబితా తెరిచాడు. పాత బోర్డు పేరున్న చోట్లు వెతికి, అన్ని బోర్డులకూ పనికొచ్చే మామూలు దారి రాశాడు. దానికి కావలసిన ఫైలు వేరే చోటి నుంచి తెచ్చి అక్కడ పెట్టాడు. ఒక్కో వరస ఎనుంగ్ చేత పైకి చదివించుకుని సరిచూశాడు. బోర్డు సెట్టింగుల్లో డిస్కును పాతపద్ధతికి మార్చాడు. సాయంత్రం నమాజు పిలుపు వినపడుతుండగా మీట నొక్కాడు.

గుర్తు. పచ్చగీత. గీత మూడోసారి పరుగెత్తింది, నాలుగోసారి, ఐదోసారి. నీలం రాలేదు. తెర తెల్లారింది. ఎనుంగ్ పెట్టుకున్న వరిచేను బొమ్మ, దాని మీద చెదిరినట్టుండే ఆ చిన్న బొమ్మలన్నీ ఏవి ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. కుడిపక్క మూల 'కొత్త పరికరం దొరికింది' అని చిన్న గళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేవసాగాయి. ఎనుంగ్ ప్రోగ్రాం తెరిచింది. తాళం అడగలేదు. మల్లెతీగ తెరిచింది. కుట్టు కుట్టూ లెక్కగా వచ్చి నిలిచింది.

ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"అంతా అలాగే ఉంది," అన్నాడు ఎంగ్‌కుస్. "బోర్డు మాత్రమే మారింది. అది మారిందని దీనికి తెలియను కూడా తెలియదు."

*

శనివారం సరుకు వెళ్ళింది. ఆదివారం ఫద్లాన్ ఆ పదకొండు వందల నలభై డిజైన్లనూ ఒక చిన్న పుల్లలాంటి దానిలోకి ఎక్కించి జేబులో వేసుకున్నాడు. సోమవారం రెస్తిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల, మెత్తటి మాట. ఎనుంగ్ చెయ్యి అందుకుని నుదుటికి తాకించుకుంది.

"అక్కా, ఒక చిన్న పని," అన్నాడు ఫద్లాన్. "ఈ పేర్లేంటో ఎవరికీ అర్థం కావడం లేదు. 'పచ్చి మామిడి', 'వాన నాలుగు', 'మొగుడు రాలేదు'..."

రెస్తి నవ్వు ఆపుకుంది. ఎనుంగ్ నవ్వలేదు. ఎనిమిదేళ్ళ కిందట పక్కవీధివాళ్ళు ఒక డిజైను ఎత్తుకుపోయినప్పుడు, దొంగకు అంతుపట్టని పేర్లు పెట్టమని హాజీ అమ్మే చెప్పింది. అప్పటినుంచీ ఎనుంగ్ ఏ రోజు ఏది తిందో, ఏ వాన పడిందో, ఏం జరిగిందో అదే పేరుగా పెట్టింది. ఏది ఏ గుడ్డకు, ఏ దారానికి, ఎంత కొలతకు అన్నది ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేదు.

"ఒక్కొక్కటీ రెస్తికి చెప్పెయ్. రెండు రోజులు చాలుగా?"

హాజీ అమ్మ అక్కడే ఉంది. జపమాల వంకే చూస్తోంది. "ఉపవాసాల్లో నువ్వు కాస్త ఇంటి పట్టున ఉండు ఎనుంగ్. ఒళ్ళు అలిసిపోయింది నీకు. పండగ అయ్యాక చూద్దాం."

పేటలో ఎవరినీ పని మానెయ్యమనరు. పండగ అయ్యాక చూద్దామంటారు.

"అలాగేనమ్మా," అంది ఎనుంగ్.

ఈచి మిషన్ ఆపి వచ్చింది. రెస్తి మంచినీళ్ళకు వెళ్ళేదాకా ఆగి, చెవిలో అంది. "తప్పులు చెప్పు. పట్టుకు కుట్టేది నూలుకని చెప్పు. రెండు గుడ్డలు పాడైతే నీ దగ్గరికే పరుగెత్తుకుంటూ వస్తారు."

"గుడ్డ ముడుచుకుపోతుందక్కా."

"పోనీవే! నీ గుడ్డా?"

రెస్తి వచ్చి నోటుపుస్తకం తెరిచింది. ఎనుంగ్ కుర్చీ ఆమెకిచ్చి తాను మోడా మీద కూర్చుంది. 'పచ్చి మామిడి': మెడపట్టీ, పల్చటి నూలు, అడుగున కాగితం వెయ్యాలి. 'వాన నాలుగు': అంచు, పట్టు, వేగం తగ్గించి నడపాలి. 'మొగుడు రాలేదు': చేతి అంచు, మూడో ఆకు దగ్గర దారం తెగుతుంది, అక్కడ ఒక కుట్టు నేను తీసేసిన నమూనా వేరే ఉంది, అదే వాడు. ఒక్క అబద్ధం చెబుదామని మధ్యమధ్య నాలుక కొసదాకా వచ్చింది. చెబితే ఆ పువ్వు ఎవరో ఒకామె నుదుటిమీద ముడతపడి కూర్చుంటుంది. ఆ ముడత చూసినవాళ్ళు రెస్తి పని అనుకోరు. ఆ పువ్వు ఎవరిదో పేటకంతటికీ తెలుసు.

రెండు రోజులన్నది మూడు రోజులైంది. చివరి పేజీ అయ్యాక రెస్తి పుస్తకం మూసి, "ఇంత ఎవరూ నేర్పరక్కా. ఏదైనా తెలియకపోతే ఫోను చెయ్యొచ్చా?" అంది.

"చెయ్యి అమ్మాయ్. ఎప్పుడైనా చెయ్యి."

హాజీ అమ్మ రెండు సీసాల షర్బత్తూ, ఒక డబ్బా బిస్కెట్లూ, మల్లెతీగ కుట్టిన తెల్ల ముకెనా సంచిలో పెట్టి ఇచ్చింది. గుమ్మందాకా వచ్చి సాగనంపింది కూడా.

*

ఉపవాసాలు మొదలైన రోజు రెస్తి నాలుగుసార్లు ఫోను చేసింది. ఎనుంగ్ గంజి గిన్నె కలుపుతూనే అన్నీ చెప్పింది. "పుస్తకంలో పన్నెండో పేజీ చూడు. అవును, ఎర్రసిరాతో గీత గీశానే, అదే." ఓమన్ విని చిరాకుపడ్డాడు.

"పనిలోంచి పంపేశాక ఈ ఊడిగం ఏంటి? ఎత్తకు."

"పాపం పిల్ల. దానికేం తెలుసు?"

మర్నాడు రెండుసార్లు చేసింది. రెండోసారి తనకు తెలిసిందే ఒకసారి రూఢి చేసుకోవడానికి చేసింది. ఆ తర్వాతి రోజు ఒక్కసారి. అదీ అడగడానికి కాదు, "దొరికిందక్కా, నేనే చూసుకున్నాను," అని చెప్పడానికి.

నాలుగోరోజు ఎనుంగ్ ఫోను వంటింటి గట్టుమీద పెట్టుకుని పొద్దున్నుంచీ పనులు చేసింది. బట్టలు ఉతికేటప్పుడు బావి దగ్గరికి తీసుకెళ్ళింది. తడి చేతులు తుడుచుకుని రెండుమూడుసార్లు తెర నొక్కి చూసింది. మధ్యాహ్నం నమాజు దగ్గర పక్కన పెట్టుకుంది. ఇవాళ పట్టు రకం కుడుతుంటారు, 'వాన నాలుగు' ఎక్కిస్తారు, వేగం తగ్గించకపోతే ముడుచుకుంటుంది, ఆ పిల్ల తప్పకుండా అడుగుతుంది అనుకుంది. గాలివాటున పేట వైపు నుంచి మిషన్ రొద వస్తూనే ఉంది. ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం ఓమన్ వ్యాను పెట్టి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"నాకోసారి ఫోను చెయ్యి," అంది ఎనుంగ్.

"ఎదురుగా ఉన్నాను కదా. ఏంటో చెప్పు."

"ఏం లేదు. ఇది పాడైందేమోనని. చెయ్యి ఒకసారి."

ఓమన్ జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కాడు. ఆమె చేతిలో ఫోను గట్టిగా మోగింది. తెరమీద అతని పేరు కూడా వచ్చింది.

"బాగానే ఉంది కదా," అన్నాడు ఓమన్.

"ఆ," అంది ఎనుంగ్. "బాగానే ఉంది."